మన జిల్లా ఎలక్ట్రానిక్స్ పెద్దాయన శ్రీ ఎ.ఎస్. రావు గారు

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన సంఘ కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. పెన్షను సవరణల గురించి, మెడికల్ బిల్లుల గురించి వ్రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నా చేతికి తెలిసినవి సోల్డరింగ్ ఐరన్, మీటరు, రెసిస్టర్లు మాత్రమే. కనుక వాటితో ముడిపడిన ఒక పెద్దమనిషి జీవితాన్ని, నాకు తెలిసినంత మేరకు, మీ ముందుంచుతున్నాను.

దీనికొక కారణం ఉంది. మా పెద్ద మనవడు హైదరాబాదులో ఎ.ఎస్. రావు నగర్‌లో ఫ్లాటు కొనుక్కున్నాడు. గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు, ఈ ఎ.ఎస్. రావు ఎవరో తెలుసునా అని వాణ్ణి అడిగాను. ఆ స్థలాలు అమ్మిన ఆసామి అయివుంటాడని వాడి సమాధానం. వచ్చిన బంధువులలో మరో నలుగురిని అడిగాను. ఒకాయన సినిమా నిర్మాత అన్నాడు, ఇంకొకాయన మంత్రి అన్నాడు. అందరూ భీమవరం, పాలకోడేరు, ఉండి ప్రాంతాలవాళ్ళే. ఆ రావు గారు పుట్టిన ఊరు వాళ్ళ ఊళ్ళకు సైకిలు దూరం. నాకు నిజంగానే బాధ కలిగింది.

శ్రీ అయ్యగారి సాంబశివరావు గారు 1914 సెప్టెంబరు 20న భీమవరం దగ్గర మొగల్లు గ్రామంలో జన్మించారు. అప్పటికి పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడనే లేదు, అది 1925 నాటి మాట. మొగల్లు అనగానే అందరికీ అల్లూరి సీతారామరాజు గారు గుర్తుకొస్తారు. వారి పూర్వీకుల ఊరు అదే, అందులో సందేహం లేదు. కాని అదే ఊరు దేశానికి ఇంకొక మనిషిని కూడా ఇచ్చింది. ఆయన తుపాకి పట్టలేదు, ఉపన్యాసాలు ఇవ్వలేదు కాబట్టి ఊరి మధ్య విగ్రహాల దగ్గర ఆయన సంగతి రాదు.

ఆయన కాశీ వెళ్ళి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేశారు. తరువాత 1940ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ పట్టా పుచ్చుకున్నారు. స్టాన్‌ఫర్డ్ అంటే నాకు వెంటనే ఒక సంగతి జ్ఞాపకం వస్తుంది. అక్కడ చదివిన హ్యూలెట్, ప్యాకర్డ్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు 1939లో ఒక గ్యారేజీలో కంపెనీ పెట్టి, మొట్టమొదట అమ్మిన వస్తువు ఆడియో ఆసిలేటరు. దానిలోని కిటుకు ఒక చిన్న బల్బు. వెలుతురు కోసం కాదు. బల్బు ఫిలమెంటు వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్సు పెరుగుతుంది. ఆసిలేటరు శ్రుతి మించినప్పుడల్లా ఆ బల్బు దాన్ని అదుపులో పెడుతుంది. అంత చవకైన వస్తువుతో అంత పని చేయించవచ్చుననే వాతావరణంలో మన మొగల్లు ఆయన చదువుకున్నారు.

ఇక్కడ కాస్త ఆగి, రెసిస్టరు అంటే ఏమిటో మన కుటుంబ సభ్యుల కోసం చెప్పాలి. తెలిసినవారు ఈ రెండు పేరాలు దాటేయవచ్చును.

మన డెల్టా వాళ్ళకు దీన్ని కాలువతో చెప్పడమే సులువు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం ఎంత ఎత్తున ఉందో అది వోల్టేజి. కాలువలో ఎంత నీరు పారుతోందో అది కరెంటు. కాలువ ఇరుకుగా ఉన్నా, గుర్రపుడెక్క పేరుకున్నా నీటికి అడ్డు తగులుతుంది కదా, అది రెసిస్టెన్సు. ఎత్తు పెరిగితే పారుదల పెరుగుతుంది, అడ్డు పెరిగితే తగ్గుతుంది. ఈ లెక్కను కరెంటుకు కట్టినవాడు జర్మనీలో జార్జ్ సైమన్ ఓమ్ అనే బడిపంతులు. 1827లో పుస్తకం వేస్తే తోటి పండితులు ఆదరించలేదు, నొచ్చుకుని ఉద్యోగం మానేశాడు. లండన్ రాయల్ సొసైటీ వారు 1841లో కాప్లే పతకం ఇచ్చాక గాని సొంత దేశంలో సరైన గౌరవం దక్కలేదు. 1854లో పోయాడు. అప్పటికి మన కాటన్ దొర ఆనకట్ట పూర్తయి రెండేళ్ళు. ఆ పంతులు పేరే ఇప్పుడు కొలత. ఒక వోల్టు తోస్తే ఒక ఆంపియరు కరెంటు పారేటంత అడ్డును ఒక ఓము అంటాము.

కాలువకు డెక్క శత్రువు గాని, సర్క్యూట్లో అడ్డు కావాలి. ఎక్కడ ఎంత కరెంటు పోవాలో నిర్ణయించేది రెసిస్టరే. మిరియపుగింజకు కాస్త పెద్దది, రెండు పక్కలా తీగలు, ఒంటిమీద రంగు చారలు. ఆ చారలే దాని విలువ. నలుపు సున్న, గోధుమరంగు 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. మొదటి రెండు చారలు అంకెలు, మూడవది ఎన్ని సున్నాలు చేర్చాలో చెబుతుంది, నాలుగవది బంగారు రంగైతే నూటికి ఐదు, వెండి రంగైతే నూటికి పది అటూ ఇటూ ఉండవచ్చునని అర్థం. పసుపు, ఊదా, ఎరుపు అంటే 47 పక్కన రెండు సున్నాలు, అనగా 4,700 ఓములు. ఈ వరుస గుర్తుండటానికి మా ట్రైనింగులో ఒక ఇంగ్లీషు వాక్యం బట్టీ పట్టించారు. అది మనవల ముందు చెప్పదగ్గది కాదు, ఆ కాలపువాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది.

రావు గారి దగ్గరకు వద్దాం. అమెరికా చదువు తరువాత ఆయన డాక్టర్ హోమీ భాభా గారు నడుపుతున్న టాటా మౌలిక పరిశోధనా సంస్థలో, బొంబాయిలో చేరారు. అణుశక్తి పరిశోధన అంటే జనం యురేనియం గురించి అనుకుంటారు. కాని యురేనియం ఏం చేస్తోందో చెప్పేవి ఎలక్ట్రానిక్ పరికరాలే. రియాక్టరులో శక్తి పెరుగుతోందా, తగ్గుతోందా, ఎప్పుడు కడ్డీలు దించి ఆపాలి అన్నది కంటితో చూసి చెప్పేది కాదు. ట్రాంబేలో అప్సర రియాక్టరు 1956 ఆగస్టు 4న పని ప్రారంభించింది. ఇంధనం ఇంగ్లండు నుంచి వచ్చింది గాని కట్టడం మనవాళ్ళదే. దాని నియంత్రణ పరికరాలను తయారుచేసిన ఎలక్ట్రానిక్స్ బృందానికి నాయకత్వం వహించినది మన సాంబశివరావు గారే.

అటువంటి పరికరంలో రెసిస్టరు ఎంత కీలకమో చెబితే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. రేడియేషనును పసిగట్టే గొట్టంలోంచి వచ్చే కరెంటు ఒక్కోసారి ఆంపియరులో వందకోట్ల వంతు మాత్రమే. మన మీటరు ముల్లు దానికి కదలనే కదలదు. అదే కరెంటును వందకోట్ల ఓముల రెసిస్టరు గుండా పంపితే దాని రెండు కొనల మధ్య నికరంగా ఒక వోల్టు వస్తుంది. ఒక వోల్టును ఎవరైనా కొలుస్తారు. పంతులు గారి సూత్రమే, కాని అంత పెద్ద రెసిస్టరు మీద చెమట చేయి పడినా, వానాకాలపు తేమ చేరినా, కరెంటు దాని లోపలినుంచి కాక పైపైనే జారిపోయి, కొలత తప్పు చూపిస్తుంది. బొంబాయి సముద్రపు గాలిలో ఆ పరికరాలను నమ్మకంగా పనిచేయించడం ఎంత తలనొప్పో, మన కోనసీమలో, నరసాపురంలో సెట్లు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నా సొంత అప్రతిష్ఠ ఒకటి చెప్పుకోవాలి. అది లేకపోతే రావు గారి పని విలువ నాకు తెలిసేది కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్త, 1966 వర్షాకాలం. స్టేషను పేరు ఎందుకులెండి. ఒక సెట్లో 4.7 కిలో ఓముల రెసిస్టరు పోయింది. నల్లగా మాడి ఉన్నా మొదటి రెండు చారలు తెలుస్తున్నాయి. మూడోది లాంతరు వెలుగులో గోధుమరంగులా కనిపించింది. 470 ఓములనుకుని అదే వేశాను. ఇరవైనాలుగు వోల్టుల సప్లై. సరైన రెసిస్టరు అయితే దానిలో 5 మిల్లీ ఆంపియర్లు పారి, వాటులో ఎనిమిదో వంతు వేడి పుట్టేది. నేను వేసినదానిలో పదిరెట్లు కరెంటు, ఒకటింపావు వాటుకు కాస్త తక్కువ వేడి. అది అరవాటు సరుకు. నేను స్క్రూలు బిగించేలోపు పొగ వచ్చింది. దానితోపాటు వెనకనున్న ట్రాన్సిస్టరూ పోయింది.

మా పెద్దాయన, మేమంతా గురువుగారనే పిలిచేవాళ్ళం, కేకలు వెయ్యలేదు. బెంచి మీద మల్టీమీటరు పెట్టి కూర్చోబెట్టారు. మాడిన రెసిస్టరు చారలను ఎన్నడూ నమ్మవద్దని, సర్క్యూటు బొమ్మ చూడమని చెప్పారు. మిగతాదంతా చేసి చూపించారు. ముందు సప్లై ఆపాలి, కెపాసిటర్లలో నిలవున్న చార్జి పోనివ్వాలి. రెసిస్టరు ఒక కాలు ఊడదీయాలి, లేకపోతే పక్కనున్న భాగాలు కూడా కలిసి తక్కువ చూపిస్తుంది. మీటరు రెండు ప్రోబులూ కలిపి ముల్లును సున్న దగ్గరకు తెచ్చుకోవాలి. ఓముల స్కేలులో సున్న కుడివైపున ఉంటుంది, కొత్తవాళ్ళంతా తిరగేసి చదివేది అక్కడే. రెండు చేతులతో రెండు కొనలూ పట్టుకోకూడదు, మన ఒళ్ళు కూడా ఒక రెసిస్టరే. ఇవన్నీ ఆరోజు నేర్చుకున్నవే, మళ్ళీ ఎవరూ నేర్పనక్కరలేకపోయింది.

సెట్టు మాత్రం నిలిచిపోయింది. ఆ విలువది స్టోరులో లేదు. ట్రాన్సిస్టరు సంగతి సరేసరి. అప్పట్లో ఈ చిన్న సరుకు చాలావరకు విదేశాలనుంచే రావాలి, విదేశీ మారకద్రవ్యానికి కటకట. రెసిస్టరుకు గురువుగారే ఉపాయం చేశారు. 2.2 కిలో ఓములవి రెండు, 330 ఓములది ఒకటి వరుసగా కలిపారు. వరుసగా కలిపితే అడ్డు కూడుతుంది గనుక మొత్తం 4,730. నూటికి ఐదు లోపలే ఉంది, చాలు. ట్రాన్సిస్టరు వచ్చేసరికి పదకొండు రోజులు పట్టింది. అణా విలువ చేయని వస్తువు కోసం ఒక ఊరు పదకొండు రోజులు ఎదురుచూసింది. కారణం నా కన్ను, నా తొందర. నిజమే. కాని ఆ వస్తువు మనమెందుకు చేసుకోలేమన్న ప్రశ్న ఆ రోజుల్లోనే నాలో పుట్టింది.

ఆ ప్రశ్న నాకంటె ముందే, నాకంటె చాలా పెద్దవాళ్ళకు పుట్టిందని తరువాత తెలిసింది. 1962 చైనా యుద్ధం తరువాత, 1963లో భారత ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించింది. భాభా కమిటీ అని పేరు. సభ్యులు మొత్తం నలుగురే. అధ్యక్షులు భాభా గారు, విక్రమ్ సారాభాయి గారు, సూరి భగవంతం గారు, ఎ.ఎస్. రావు గారు. భగవంతం గారిది అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లి. దేశపు ఎలక్ట్రానిక్స్ జాతకం వ్రాసిన నలుగురిలో ఇద్దరు ఆగిరిపల్లి, మొగల్లు ఊళ్ళవాళ్ళంటే, మనం ఎంత గర్వించినా ఎక్కువ కాదు. నివేదిక 1966లో వచ్చింది. ఆ ఏడాది జనవరి 24న భాభా గారు ఆల్ప్స్ పర్వతాలలో విమాన ప్రమాదంలో మరణించారు. కమిటీ చెప్పినదాని సారాంశం, పరికరాలు మాత్రమే కాదు, వాటిలోని విడిభాగాలు కూడా ఇక్కడే తయారుకావాలని. రేడియో బిగించడం ఎవరైనా బిగిస్తారు. దానిలోని గింజలన్నీ పరాయివైతే, పరాయివాడు చెయ్యి బిగించిన రోజున రేడియో మూగబోతుంది.

చెప్పడం ఒకటి, చెయ్యడం ఒకటి. చెయ్యవలసిన పని రావు గారి భుజాలమీదే పడింది. 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ క్రింద హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ ఏర్పడింది. మనమంతా ఇ.సి.ఐ.ఎల్. అంటాం. దాని తొలి మేనేజింగ్ డైరెక్టరు ఆయనే. విదేశీ కంపెనీల సాంకేతిక సహకారం తీసుకోకుండా, ట్రాంబేలో మనవాళ్ళు నేర్చుకున్న పనితోనే ఆ ఫ్యాక్టరీ నడవాలన్నది పద్ధతి. ఆ రోజుల్లో ఇది సాహసమే. విదేశీ డ్రాయింగులు కొనుక్కుని, విదేశీ పేరు పెట్టుకుని అమ్మడం సులువు. తప్పు వస్తే వాళ్ళమీద నెట్టెయ్యవచ్చు కూడా.

రియాక్టరు పరికరాలతో మొదలై, ట్రాంబేలో రూపుదిద్దుకున్న టి.డి.సి.-12 కంప్యూటరు, ఆ తరువాత టి.డి.సి.-316, ఇ.సి. టీవీలు, ఇలా పెరిగింది. మనలో చాలామంది ఇళ్ళకు మొదట వచ్చిన టీవీ ఇ.సి. టీవీయే. వీటితోపాటు రెసిస్టర్లు, కెపాసిటర్లు వంటి విడిభాగాల తయారీ కూడా ఆ సంస్థ చేపట్టింది. టీవీకి పేరొచ్చింది గాని రెసిస్టరుకు ఎవరు పేరు పెడతారు? నా దృష్టిలో అదే పెద్ద పని.

ఎందుకంటారా? పాత రెసిస్టర్లు బొగ్గుపొడిని జిగురుతో కలిపి ముద్దచేసి కడ్డీలుగా నొక్కినవి. మన డెల్టా గాలికి అవి తేమ పీల్చుకుంటాయి, విలువ పెరుగుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో సెట్లు అకారణంగా మొరాయించేవంటే సగం కారణం ఇదే. తరువాత వచ్చిన కార్బన్ ఫిల్ము రకం వేరు. పింగాణీ కడ్డీమీద, బాగా వేడిమీద వాయువునుంచి విడిపోయిన కార్బను పలచని పొరగా పేరుకుంటుంది. ఆ పొరలో మరచుట్టులాగా గాడి కోస్తారు. గాడి పొడవు పెరిగేకొద్దీ కరెంటు నడవవలసిన దారి పొడవై, సన్నమై, ఓములు పెరుగుతాయి. కావలసిన విలువ రాగానే కోత ఆపేస్తారు. పైన రంగు పూత, రంగు చారలు. చెప్పడానికి ఇంతే. కాని లక్ష రెసిస్టర్లు చేస్తే లక్షా నూటికి ఐదు లోపల ఉండాలి, వర్షాకాలంలో కూడా. అది కర్మాగారంలో ప్రతి ఒక్కరి చేతి క్రమశిక్షణమీద ఆధారపడిన పని.

ప్రభుత్వం ఆయనకు 1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ్ ఇచ్చింది. ఇంజనీరింగ్ శాస్త్రాలలో 1965 సంవత్సరపు శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి కూడా వచ్చింది. ఆయన పేరనే ఎ.ఎస్. రావు నగర్ వెలసింది. 2003 అక్టోబరు 31న ఎనభైతొమ్మిదేళ్ళ వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది 2004 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతటా ఓటింగు యంత్రాలే వాడారు. వాటిని తయారుచేసిన రెండు సంస్థలలో ఒకటి ఆయన పెంచిన ఇ.సి.ఐ.ఎల్. మనలో ఎలక్షను డ్యూటీలు చేసినవాళ్ళు బ్యాలెట్ పెట్టెలు మోసి మోసి, తరువాత ఆ యంత్రం చంకన పెట్టుకుని వెళ్ళినప్పుడు, ఆ తయారీ వెనుక మన భీమవరం పక్క ఊరి మనిషి ఉన్నాడని అనుకున్నామా? నేనూ అనుకోలేదు, ఉన్నమాట చెబుతున్నాను.

ఆయనను నేను ఎన్నడూ చూడలేదు. చూసినవారు మన సంఘంలో ఎవరైనా ఉంటే వచ్చే సంచికలో వ్రాయవలసిందిగా కోరుతున్నాను. అప్పుడు ఇందులో నేను వదిలేసినవి కూడా తెలుస్తాయి.

ఈ వ్యాసం వ్రాస్తూ మొన్న అటకమీదనుంచి నా పాత రేకుడబ్బా దింపించాను. గురువుగారు 1966లో కలిపిన జతను తరువాత సెట్టులోంచి తీసేసినప్పుడు నేనే దాచుకున్నాను. అది కూడా అందులోనే ఉంది. మనవడు సెలవులకు వచ్చి ఉన్నాడు, డిజిటల్ మీటరు వాడిదే. కాళ్ళు విడదీసి ఒక్కొక్కటే కొలిచాం. 2.2 కిలో ఓముల బొగ్గుముద్దలలో ఒకటి 2.71, రెండవది 2.64 చూపించాయి. డబ్బాలోనే ఉన్న, 1970ల నాటి కార్బన్ ఫిల్ముది ఒకటి, అదే విలువది, కొలిస్తే 2.19 వచ్చింది. మనవడు మీటరు తప్పేమోనని బ్యాటరీ మార్చి మళ్ళీ కొలిచాడు. మళ్ళీ 2.19 వచ్చింది. ఆ రెసిస్టరు అడిగి పట్టుకుపోయాడు, ఎ.ఎస్. రావు నగర్‌కు.